తాతా, పద్నాలుగే వచ్చింది!

మనం హేతువాదులం పిల్లలకి ఏం నేర్పుతున్నాం? ఈ ప్రశ్న నన్ను ఈమధ్య బాగా ఇబ్బంది పెట్టింది. ఎందుకో చెబుతాను.

మాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. వేసవి సెలవుల్లో చుట్టుపక్కల పిల్లల్ని మా వరండాలో కూర్చోబెట్టి బాబాల గుట్టు విప్పడం నాకు అలవాటు. 2009లో చనిపోయిన ప్రేమానంద్ గారు ఊరూరా తిరిగి చేసి చూపించినలాంటివే. పసుపులో సున్నపు నీళ్ళు పోస్తే "రక్తం" వస్తుంది. పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ వేస్తే అగ్గిపుల్ల లేకుండానే మంట లేస్తుంది. పిల్లలు చప్పట్లు కొడతారు, నాకు ఛాతీ ఉప్పొంగుతుంది.

పదిహేను రోజుల తర్వాత ఒక కుర్రాణ్ణి అడిగాను, "ఆ మంట ఎలా వచ్చిందిరా?" అని. "కెమికల్ తాతా" అన్నాడు ఠక్కున. ఏ కెమికల్, ఏం చేసింది అంటే నోరు మెదపలేదు. నాకు చురుక్కుమంది. అంతకుముందు వాడు "మహిమ" అనేవాడు, ఇప్పుడు "కెమికల్" అంటున్నాడు. మాట మారింది, నమ్మడం మారలేదు. బాబా స్థానంలో నేను కూర్చున్నాను, అంతే!

దాంతో చూపించడం మానేసి వాళ్ళ చేతికే పని ఇచ్చాను. ఒక నట్టు, దారం, మీటరు టేపు, గడియారంగా ఫోను. ఒకే షరతు: చేసే ముందు ఎవరి ఊహ వాళ్ళు నోటుబుక్కులో రాయాలి. మీటరు దారానికి నట్టు కట్టి ఊపితే పది ఊపులకి ఇరవై సెకన్లు పట్టింది. బరువు పెంచితే తొందరగా ఊగుతుందని చాలామంది రాశారు. ఇంకో నట్టు చేర్చి, దారం పొడవు సరిచూసి ఊపారు. మళ్ళీ ఇరవయ్యే! ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"దారం సగం చేస్తే?" అని పక్క క్వార్టర్ పాప అడిగింది. పదేళ్ళుంటాయి. నేను ఆలోచించకుండా "టైమూ సగమే, పది సెకన్లు" అనేశాను. పాప ఊపి చూసింది.

"తాతా, పద్నాలుగు వచ్చింది."

"లెక్క తప్పావు, మళ్ళీ చెయ్యి" అన్నాను.

మళ్ళీ పద్నాలుగే. "ఎవరు చెప్పినా చేసి చూడమని నువ్వే కదా అన్నావు?" అంది.

నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు కోపమే వచ్చింది. పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం ఇంత కష్టమా అనిపించింది. ఎలాగో ఒప్పుకున్నాను. "మరి పది సెకన్లు రావాలంటే దారం ఎంత ఉండాలి?" అని వాళ్ళనే అడిగాను. గంటసేపు కుస్తీ పట్టి, పాతిక సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నారు. కాలం సగం కావాలంటే పొడవు నాలుగో వంతు కావాలి! వర్గమూలం అనే మాట వాళ్ళెవరికీ తెలియదు. విషయం మాత్రం తెలిసింది.

ఇదేం కొత్త సంగతి కాదు. మా బిలాస్‌పూర్ 2000 నవంబరు దాకా మధ్యప్రదేశ్‌లోనే ఉండేది. ఆ రాష్ట్రంలోనే 1972లో పదహారు బడుల్లో హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం మొదలైంది. పిల్లలు ప్రయోగం చేసి తేల్చుకోవాలి. పరీక్షకి పుస్తకం తెచ్చుకోవచ్చు. 1978లో అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో బొమ్మలు చేయించింది అక్కడే. చతురస్రాన్ని నొక్కితే వంగిపోతుంది, త్రిభుజం వంగదు. అది చేశాక మా పిల్లలు స్టేషన్‌లో కరెంటు తీగల్ని మోసే కమ్ముల్లో త్రిభుజాలు లెక్కపెడుతున్నారు. 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. మంచి ఉపాధ్యాయుడు దాన్ని చెయ్యడానికి ఇప్పటికీ రూపాయి ఖర్చు లేదు.

ఇదంతా ఆటేగా అంటారేమో. మా ఛత్తీస్‌గఢ్‌లో ఆడవాళ్ళని "టోనహీ" అని, అంటే మంత్రగత్తె అని ముద్ర వేసి హింసిస్తుంటే ఆపడానికి 2005లో ప్రత్యేక చట్టమే చెయ్యాల్సి వచ్చింది. ఊరంతా ఒక మాట అంటున్నప్పుడు "నీకెలా తెలుసు?" అని అడగడానికి ఒక్క మనిషి కావాలి. పెద్దవాళ్ళని ఎప్పుడూ ప్రశ్నించని పిల్ల, పెద్దయ్యాక ఆ మాట హఠాత్తుగా అనగలదా?

ఆ పాప నోటుబుక్కులో "తాత ఊహ: 10, వచ్చింది: 14" అని రాసుంది. కొట్టెయ్యమని నేను అడగలేదు.