ఫిబ్రవరిలో లేచిన సర్వర్

ఆదివారం రాత్రి కరెంటు పోయి వచ్చాక ఇంట్లో ఫైల్ సర్వర్ లేవలేదు. సర్వర్ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఇంజినీరింగ్ రోజుల నాటి డెస్క్‌టాప్, అందులో డెబియన్ లినక్స్, 4 టీబీ హార్డ్ డిస్కులు రెండు. షూ ర్యాక్ పక్కన ఉంటుంది. ఫ్యాను తిరుగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి, లాప్‌టాప్‌కి మాత్రం అందట్లేదు. ఆపేసి, హాల్లోకి మోసుకొచ్చి, టీవీకి తగిలించి మళ్ళీ ఆన్ చేశా. డిస్కు కోసం ఎదురుచూస్తున్నానంటూ సెకన్లు లెక్కపెట్టడం మొదలెట్టింది. 90 దాకా చూసి, రాకపోతే చేతులెత్తేస్తుంది. అర నిమిషం దాటాక ఎందుకో ముందుకెళ్ళింది, లాగిన్ వచ్చింది. హమ్మయ్య అనుకుని, పడుకోబోయే ముందు ఒక ఫోల్డర్ తెరిచా.

చివరి ఫైలు తేదీ ఫిబ్రవరి 27. ఇప్పుడు సెప్టెంబరు.

మార్చిలో అవనిగడ్డ వెళ్ళి నాయనమ్మ చేత మాట్లాడించాను. 1977 నవంబర్ 19, దివిసీమ ఉప్పెన. పదివేల మందికి పైగా పోయారని మనం చదువుకున్నదే. ఆవిడ లెక్క వేరు. 47 నిమిషాల్లో సగం గేదెల పేర్లే చెప్పింది, ఏది ఎవరింటిదో, ఏది చూడిదో. శ్రావణంలో ఆవిడ పోయింది. ఫోన్ నిండిపోయిందని ఆ రికార్డింగ్ ఫోన్లోంచి ఎప్పుడో తీసేశాను. రెండు డిస్కులున్నాయిగా అని ధీమా.

మనవాళ్ళు అనుభవాల్ని భద్రం చేయరని పుస్తక సమీక్షల్లో వాపోయేది కూడా నేనే.

రెండు డిస్కులంటే రెయిడ్ 1. రాసిన ప్రతిదీ రెండింట్లోనూ పడుతుంది, ఒకటి పోతే ఇంకోటి. స్టేటస్‌లో రెండు ‘యూ’లు కనబడాలి. నాకు కనబడింది ఒక ‘యూ’, పక్కన ఖాళీ గీత. పాత లాగులు తవ్వితే సంగతి తెలిసింది. ఒక డిస్కు ఫిబ్రవరిలోనే మిర్రర్ నుంచి జారిపోయింది. సర్వర్ అప్పుడే మెయిల్ పెట్టింది కూడా, ఎవరూ తెరవని తన సొంత మెయిల్‌బాక్స్‌కి! అప్పట్నుంచి అన్నీ రెండో డిస్కులోనే పడుతున్నాయి. ఈ రాత్రి ఆ రెండోది కనబడలేదు. జారిపోయినదేమో లేచి, తానే సరైనదాన్ననుకుంటోంది. పాపం, అది జారిపోయిందని దానికెవరూ చెప్పలేదు.

అసలు భయం అక్కడ పట్టుకుంది. రెండూ తగిలించి, తొందరలో ఒక కమాండ్ తప్పుగా ఇస్తే, ఫిబ్రవరి వచ్చి మార్చి మీద కూర్చుంటుంది. దాన్ని రిపేర్ అంటారు కూడా.

ఆపేశాను. ఫిబ్రవరి డిస్కుని పూర్తిగా బయటికి తీసి టీపాయ్ మీద పెట్టా. కరెంటు వైరు పట్టుకుని వెనక్కి వెళ్తే, రెండు డిస్కులకీ ఒకే చవక స్ప్లిటర్. వేలితో కదిపితే కనెక్టర్ వదులుగా ఊగుతోంది. రెండు డిస్కులు కొన్నవాణ్ణి వాటికి కరెంటిచ్చే వైరు మాత్రం ఒకటే కొన్నా. స్ప్లిటర్ పీకేసి, మిగిలిన డిస్కుకి పవర్ సప్లై నుంచి నేరుగా ఇచ్చా. టక్కుమని తిరిగింది. ఏమీ రాయకుండా చదవడానికి మాత్రమే తెరిచా. మార్చి ఉంది.

మిగతావేవీ చూడలేదు. ముందు ఆ ఒక్క ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి, ఆఫీసు లాప్‌టాప్‌లోకి (రూల్స్ ఒప్పుకోవు, తెలుసు), ఫోన్లోకి. రెండు గంటలకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదలుపెడితే మొదటి రెండు నిమిషాలు ఫ్యాను చప్పుడే. తర్వాత ఆవిడ, “అన్నం తిన్నాక చెప్తాలేరా.”

తెల్లారాక కొత్త వైర్లు తెచ్చా. ఫిబ్రవరి డిస్కుని చెరిపి కొత్తగా జతచేస్తే మొత్తం కాపీ అవడానికి ఎనిమిది గంటల దాకా పట్టింది. అలర్ట్ మెయిల్ ఇప్పుడు నా ఫోన్‌కొస్తుంది.

దసరాకి వెళ్ళినప్పుడు ఒక పెన్‌డ్రైవ్ నాన్నకిచ్చా. ఆయనింకా వినలేదు. బీరువాలో, పొలం కాగితాల సంచిలో పెట్టాడు.