గీజర్ బాత్రూంలో వద్దు సుధా

లాలాపేట్

సుధా,

నీ రెండు ప్రశ్నలకీ ఈ ఒక్క ఉత్తరంలోనే జవాబు రాస్తున్నాను. ఇక్కడ మీ పై పోర్షన్‌లో గ్యాస్ గీజర్ ఎక్కడ బిగించాలన్నా, అక్కడ ఒహాయోలో మీ బేస్‌మెంట్‌లో ఫర్నేస్ పక్కన అమ్మకి గది వేయొచ్చా అన్నా, చూసుకోవాల్సింది ఒకటే. మంట పీల్చే గాలీ మనిషి పీల్చే గాలీ వేరుగా ఉండాలి.

ముందు ఇక్కడి సంగతి. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయిలిద్దరు పై పోర్షన్‌లోకి దిగుతున్నారు. ప్లంబర్ వచ్చి, బాత్రూం లోపల షవర్ పక్క గోడకి గీజర్, బయట సిలిండర్ అన్నాడు. వద్దన్నాను. "అందరిండ్లల్ల గట్లనే పెడుతున్నం కదక్కా, వెంటిలేటర్ ఉంది కదా" అన్నాడు. ఆ వెంటిలేటర్ సంగతి నీకు తెలుసు కదా, గాజు పలకలది. తార్నాక వైపు నుంచి చలిగాలి కొట్టిందంటే ఎవరైనా ముందు మూసేది దాన్నే.

టేపు పెట్టి కొలిచాను. 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు. నిమిషానికి 6 లీటర్లు కాచే గీజర్, వంటింటి పెద్ద బర్నర్లు నాలుగైదు ఒక్కసారి వెలిగించినంత గ్యాసు లాగుతుంది. 10 నిమిషాల స్నానానికి ఆ గదిలో ఉన్న గాలిలో దాదాపు మూడో వంతు ఆ మంటకే కావాలి. గాలి సరిపోకపోతే గ్యాసు పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. సిలిండర్ లీకైతే ముక్కుకి తెలుస్తుంది, అందుకోసమే అందులో మెర్కాప్టాన్ కలుపుతారు. మంటలో ఆ వాసన కూడా కాలిపోతుంది. ఈ విషానికైతే రంగూ ఉండదు, వాసనా ఉండదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల బరువెక్కుతుంది, కళ్లు తిరుగుతాయి, తలుపు గడియ తీయాలని తోచేలోపే కాళ్లు సహకరించవు. చలికాలంలో పేపర్లో ఏదో ఒక మూల ఇలాంటి వార్త కనపడుతూనే ఉంటుంది. చదివినప్పుడల్లా నాకు దుఃఖంతో పాటు కోపం వస్తుంది. అదే గీజర్‌ని గోడకి అవతలి వైపు బిగించి ఉంటే ఆ ప్రాణం దక్కేది.

కాబట్టి వెనక బాల్కనీ గోడకే పెట్టిస్తున్నాను. పైన సజ్జ ఉంది, వాన తగలదు. గోడకి కన్నం వేసి వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి తెస్తాడు. "నీళ్లు సల్లారిపోతయక్కా" అన్నాడు గానీ, రెండడుగుల పైపులో ఎంత చల్లారతాయి? బాత్రూం వెంటిలేటర్ కింద మాత్రం వద్దన్నాను. పొగ అక్కడినుంచే మళ్లీ లోపలికొస్తుంది. బెడ్రూం కిటికీకి కూడా దూరంగా, ఆ చివర గోడ చూపించాను. సిలిండర్‌ని నిలబెట్టే ఉంచాలి, నహానీ ట్రాప్ పక్కన పెట్టకూడదు. మన గ్యాసు గాలికంటే బరువు, లీకైతే నేలమీద పాకి ఆ కన్నంలోకే దిగుతుంది. బాల్కనీకి కింది వరకూ గ్రిల్లే ఉంది కాబట్టి ఆ గ్యాసు నిలవదు. బిగించాక జాయింట్ల మీద సబ్బు నురుగు రాయించి బుడగలు వస్తాయేమో నా కళ్లతో చూస్తాను. గ్యాసు లీకైతే ఫోన్ చేయాల్సిన 1906 నంబరు ఆ అమ్మాయిలకి తలుపు వెనక రాసి పెడతాను.

ఇక మీ బేస్‌మెంట్. మీ ఫర్నేస్‌లో కాలేది మీథేన్, అది తేలిక, పైకి పోతుంది. అంతే తేడా, మిగతా భయం అదే. నువ్వు పంపిన ఫొటోలో రేకు గొట్టం ఒక్కటే పైకి పోతోంది. అంటే అది బేస్‌మెంట్ గాలినే పీల్చి మండుతుందనుకుంటాను. అలాంటిదానికి మీ దేశపు గ్యాస్ కోడ్ ప్రకారం గంటకి కాల్చే ప్రతి 1,000 బీటీయూకి 50 ఘనపుటడుగుల చోటు కావాలి. మీది 80,000 అన్నావు, అంటే 4,000. 25 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తున్న హాలంత! పక్కనే ఉన్న వాటర్ హీటర్‌ది ఇంకా కలపలేదు. అమ్మ గదికోసం గోడలు లేపి ఫర్నేస్‌ని 8 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పున్న మూలలో బంధిస్తే దానికి మిగిలేది 512 ఘనపుటడుగులే. అందులోనూ బట్టలారబెట్టే మెషీనూ, ఎగ్జాస్ట్ ఫ్యానూ ఒకేసారి తిరిగితే, గొట్టంలో పైకి పోవాల్సిన పొగని కిందికి లాగేస్తాయి. రెండు తెల్ల ప్లాస్టిక్ పైపులతో బయటి గాలి పీల్చి బయటికే వదిలే కొత్త ఫర్నేస్‌కి ఈ బాధ లేదు. దానికి మంచు కురిసినప్పుడు ఆ పైపుల నోళ్లు మూసుకుపోకుండా చూసుకుంటే చాలు. ఖర్చెక్కువే. గోడలు కట్టే కాంట్రాక్టర్ మాట మీద పోకుండా, లైసెన్సున్న ఫర్నేస్ మనిషిని పిలిచి ముందు కొలిపించు. అప్పటిదాకా అమ్మని పై గదిలోనే పడుకోబెట్టు. ఆమె గది బయట ఒకటి, కింద ఒకటి కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టు. ఇంట్లో ఉంటే అందరికీ తలనొప్పి, బయటికెళ్తే తగ్గుతోందంటే జలుబనుకోకు, అందర్నీ బయటికి తీసుకొచ్చి ఎమర్జెన్సీకి ఫోన్ చెయ్యి.

ప్లంబర్ ఆదివారం పొద్దున వస్తానన్నాడు. గ్యాసే వద్దు, 25 లీటర్ల కరెంటు గీజర్ పెట్టిద్దామంటావా? మీటర్ లోడు పెంచమని దరఖాస్తు పెట్టాలేమో గానీ, నాకు అదే ఇష్టం. శనివారం లోపు చెప్పు. మీ ఫర్నేస్ మీద అతికించిన లేబుల్ దగ్గరగా ఫొటో తీసి పంపు, ఆ బీటీయూ అంకె సరిగ్గా చూడాలి.

నీ
వసంత