దేవదాసు రుచి చూడలేదు!

మన సినిమా హీరో ఎందుకు తాగుతాడు? ప్రేమ విఫలమైతే తాగుతాడు. విలనైతే కుట్ర పన్నుతూ తాగుతాడు. 1953లో అక్కినేని, 1974లో కృష్ణ... ఇద్దరు దేవదాసులనూ చూశాను. దుఃఖం మింగారే గాని, గుక్కను నాలుక మీద ఆపి రుచి చూసినట్టు మాత్రం నాకు గుర్తు లేదు!

నేనూ ఆ బాపతే. సినిమా కబుర్లు రాసుకు బతికేవాణ్ణి గనుక విందులకు పిలుపులొస్తాయి. హైదరాబాద్‌లో అలాంటి ఓ విందులో ఒకాయన ఎర్రటి వైన్ గ్లాసు అందించి, "గుటకెయ్యకండి సార్! ముందు వాసన చూడండి" అన్నాడు. షిరాజ్ అనే నల్లద్రాక్షతో చేసిందట. ఫ్రాన్సులో దాన్నే సిరా అంటారు. మన నాసిక్‌లోనూ పండిస్తారు. చూద్దునుగదా, నిజంగానే మిరియాల వాసన! అది రొటండోన్ అనే పదార్థం వల్లనని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తేల్చారు. మిరియాల్లో ఉన్నదీ అదే!

ఇంకేం, షిరాజ్ నా అభిమాన తార అయిపోయింది. సంక్రాంతికి మా నెల్లికుదురు వెళ్ళి, తాటివనంలో గౌడు మామ దగ్గర గొప్పలు పోయాను.

మామ నవ్వాడు. "గదేమన్న కొత్తనా అల్లుడా? రా, రేక పట్టు."

తాటాకు రేక నోటికి ఆనించాను. కల్లు పోస్తూ మామ పాఠం మొదలెట్టాడు. పోద్దాడంటే మగచెట్టు, దాని పూతగెలలు గీస్తారు. పండుదాడంటే కాయలు కాసే ఆడచెట్టు. పొద్దున దించింది తియ్యన. పొద్దెక్కేకొద్దీ పులిసి ఘాటెక్కుతుంది. లొట్టికి సున్నం పూస్తే పులియదు, అది నీరా. నాకిష్టమైంది పోద్దాటి కల్లని ఆ పూటే తెలిసింది!

మామకు పరీక్ష పెట్టాను. కలపకుండా ఉంచిన మూడు లొట్లు. ఆయన కళ్ళకు తువ్వాల కట్టాను, అచ్చం సినిమాలోలాగ! మొదటి గుక్క... "బాయికాడి చెట్టు." రెండోది... "బండ మీదిది." రెండూ కరెక్టే! మూడోది నోట్లో పోసుకుని మాట్లాడలేదు. చాలాసేపటికి మింగాడు.

"గిది చెరువుకట్ట చెట్టు."

ఆ చెట్టు మీంచి జారే మామ తుంటి విరగ్గొట్టుకున్నాడు. గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' కిట్ల పథకం మొదలైంది 2024 జులైలో. మామ పడింది అంతకు ముందే. మళ్ళీ మోకు కట్టలేదు. ఇప్పుడు ఆ చెట్టు తమ్ముడెక్కుతున్నాడు. కొడుకు హైదరాబాద్‌లో ఆటో నడుపుకుంటున్నాడు.

"కోపం రాదా మామా, ఆ చెట్టు మీద?" అన్నాను.

"చెట్టేం జేసింది? నా మోకు పాతది" అంటూ తువ్వాల విప్పి, "ఇంకో గుక్క పొయ్" అన్నాడు.

పోశాను. తర్వాత నేనూ రేక పట్టాను. తీపి, వెనకాలే సన్నటి పులుపు, చివర్న కాస్త వగరు. తమ్ముడి తర్వాత ఆ చెట్టెక్కేవాడెవడో మామకే తెలీదు. అందుకే, ఆ గుక్కను నేను వెంటనే మింగలేదు.