పాత కెమెరా, కొత్త ఆశ

మొన్న మీటింగులో ఒక తమ్ముడు నా కెమెరా తిప్పి చూసి, "అన్నా, ఇంకా దీంతోనేనా? ఇప్పుడంతా మిర్రర్‌లెస్ కదా" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. రాత్రి మాత్రం ఫోన్‌లో ధరలు చూస్తూ కూర్చున్నాను. అబద్ధమెందుకు, ఆశ పుట్టింది.

నాది కెనాన్ 550డి. 2010 నాటి మోడల్, 18 మెగాపిక్సెళ్లు. ఫెలోషిప్ డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ 2018లో మౌంటే మార్చేసింది. కొత్త బాడీకి నా పాత లెన్సు ఎక్కాలంటే అడాప్టర్ కావాలి. తర్వాత పెద్ద ఫైళ్లకు కార్డు, హార్డ్ డిస్క్, లాప్‌టాప్. ఖర్చు ఒక్కచోట ఆగదు.

చీకట్లో కొత్తవి బాగా తీస్తాయి, నిజమే. మన సభలు జరిగేది వెలుతురు సరిగా లేని చోటే. ఫోటో మసకైతే "అక్కడున్నది మేం కాదు" అనేవాళ్లున్నారు.

కానీ మా నాయనమ్మ పోయినప్పుడు దండ వేయడానికి ఇంట్లో ఒక్క ఫోటో లేదు. ఓటరు కార్డులోని గోరంత బొమ్మను స్టూడియోలో పెద్దది చేయిస్తే ముఖమంతా చుక్కలే. మెగాపిక్సెళ్లు చాలక కాదు, మా వాడకు కెమెరానే రాక పోయిన ముఖం అది.

అందుకే కొత్త బాడీ కొనలేదు. 50 ఎంఎం ఎఫ్1.8 లెన్సు ఒకటి కొన్నాను. నా పాత లెన్సు అంత దూరానికి ఎఫ్5.6 దగ్గరే ఆగేది. ఇప్పుడు దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికొస్తోంది. మిగిలిన డబ్బుతో రెండు హార్డ్ డిస్కులు కొని, తీసినవన్నీ రెండు చోట్ల దాచాను.

తమ్ముడూ, ఆదివారం వాడకు రా. కెమెరా నీ చేతికిస్తాను. ముందు ముసలివాళ్ల ముఖాలు తీద్దాం.

(ఇంకా ఉంది)