బొమ్మలో స్తూపం

మా ఏడో తరగతి సాంఘికశాస్త్రం పుస్తకంలో అమరావతి స్తూపం బొమ్మ ఒకటుండేది. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది, నలుపు తెలుపు. గుండ్రటి అండం, ముందు అయిదు స్తంభాలు, గుమ్మం దగ్గర సింహాలు, పైన గాల్లో ఎగురుతున్న మనుషులు. క్లాసులో బోర్ కొట్టినప్పుడల్లా ఆ పేజీ తీసి, ఆ గుమ్మంలోంచి లోపలికెళ్తే ఏముంటుందా అని ఆలోచించేవాణ్ణి. ఎవరో అక్కడికెళ్లి ఫొటో తీసుకొచ్చారనే నా నమ్మకం. ఎగిరేవాళ్లు ఫొటోలోకి ఎలా వచ్చారన్న అనుమానం అప్పట్లో రాలేదు.

తమాషా ఏంటంటే మాది గుంటూరే. అమరావతి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. అమరేశ్వరుడి గుడికి చిన్నప్పుడు రెండుసార్లు వెళ్లాం కూడా. కృష్ణలో స్నానం, దర్శనం, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర, తిరుగు బస్సు. స్తూపం చూద్దామని నేను మారాం చేస్తే నాయనమ్మ, "దీపాలదిన్నా? అక్కడేముందిరా, మట్టిదిబ్బ తప్ప!" అనేసింది. నడవలేక అబద్ధం చెబుతోందనుకున్నాను. ఆ కోపం చాలా ఏళ్లు ఉండిపోయింది.

ముప్పై దాటాక, నాయనమ్మ పోయిన మరుసటి ఏడాది, ఒక శనివారం ఒక్కణ్ణే వెళ్లాను. గేటు దాటితే ఎదురుగా గడ్డి, గడ్డి మధ్యలో ఇటుకలు పేర్చిన పెద్ద గుండ్రటి అరుగు లాంటిది, అక్కడక్కడా నిలబెట్టిన రాళ్లు. అండం లేదు. సింహాల్లేవు. చుట్టూ తిరగడానికి కొన్ని నిమిషాలు పట్టింది. ఏమైనా చూడకుండా వదిలేశానేమో అని ఇంకోసారి తిరిగాను. తర్వాత చెట్టు కింద కూర్చుంటే ఏడుపొచ్చినంత పనైంది. స్తూపం లేనందుకు కాదు. నాయనమ్మ నిజమే చెప్పింది. ఆ మాట ఒప్పుకుందామంటే ఆవిడ లేదు.

అప్పట్నించీ అదేమైపోయిందో చదవడం మొదలుపెట్టాను. దొంగ ఒక్కడే అయితే బావుండేది, తిట్టుకోవడం సులువు. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు ఆ దిన్నెలోంచి ఇటుకలూ రాళ్లూ తవ్వి వాడుకున్నారు. ఆ సంగతి విని కాలిన్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు. 1816లో బొమ్మలు గీయించడానికి తిరిగొచ్చేసరికి ఇంకా చాలా పోయింది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, అక్కడ ఏళ్ల తరబడి ఉండి, 1859లో లండన్‌కి ఓడెక్కాయి. మిగిలినవాటిలో చాలావరకు ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. కొందరు అవసరానికి తవ్వారు, కొందరు ఆసక్తితో తవ్వారు. దిన్నెకి మాత్రం రెండూ ఒకటే.

తర్వాత ప్రాజెక్టు పనిమీద లండన్ వెళ్లినప్పుడు, మొదటి ఆదివారమే బ్రిటిష్ మ్యూజియంకి పరిగెత్తాను. 33ఎ గది. అద్దాల వెనక పలనాటి సున్నపురాయి. అక్కడ కనిపించింది, నా ఏడో తరగతి బొమ్మ. అవే అయిదు స్తంభాలు, అవే సింహాలు. అది కట్టడం ఫొటో కాదు. సుమారు నాలుగడుగుల ఎత్తున్న ఒక రాతిపలక. స్తూపానికి తాపడంగా పెట్టిన ఆ పలక మీద, క్రీ.శ. 3వ శతాబ్దంలో ఒక శిల్పి స్తూపం బొమ్మే చెక్కాడు. ఆ రాయికి రెండోవైపు ఇంకా పాత శిల్పం ఉంది: బోధివృక్షం కింద ఖాళీ ఆసనానికి మొక్కుతున్న మనుషులు. అది దాదాపు మూడొందలేళ్ల ముందుది. పాత రాయిని పారెయ్యకుండా తిప్పి చెక్కారు. పాత కోడ్‌ని తీసెయ్యకుండా దానిమీదే కొత్తది కట్టే మా వృత్తివాళ్లకి ఇది తెలిసిన పనే.

అక్కడ నిలబడ్డప్పుడు ఎగిరేవాళ్లు మళ్లీ గుర్తొచ్చారు. ఆ శిల్పికి అసలు స్తూపం కళ్లెదుటే ఉండుండాలి. అయినా దానిపైన ఆకాశంలో దేవతల్ని చెక్కాడు. అంటే చూసిందీ, చూడాలనుకున్నదీ కలిపే చెక్కాడు. నేను ఏడో తరగతిలో చేసిన పనీ అదే. కాకపోతే అతను తిరుగుతూ చెక్కాడు, నేను తిరక్కుండానే కలగన్నాను.

దొరికిన శాసనాల్లో ఒకటి విధికుడనే చర్మకారుడిది. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి దానమిచ్చాడు. దాదాపు 160 అడుగుల వ్యాసమున్న కట్టడంలో ఆ ఇంటివాళ్ల వాటా ఒక్క పలక. బొమ్మలో చూసినన్నాళ్లూ దాన్నెవరో రాజుగారు కట్టించారనే అనుకున్నాను.

మొన్న సంక్రాంతికి మా అన్నయ్య కూతుర్ని అమరావతి తీసుకెళ్లాను. గేటు దగ్గరే అడిగింది, "బాబాయ్, స్తూపం ఎక్కడ?" అని. ఫోన్లో ఆ రాయి ఫొటో ఉంది. జేబులోంచి తీయబోయి ఆగాను.

"ఇదేనే, ఈ దిబ్బే. ముందు చుట్టూ తిరిగొద్దాం పద. బొమ్మ తర్వాత చూపిస్తా."