టకటక ఆగిపోతే

పాత ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్ వ్యాన్లలో ఇంజను వెనకుంటుంది. మన సీటుకీ దానికీ మధ్య పరుపు, పొయ్యి, గిన్నెల అల్మరా. అందుకే ఇంజన్లో ఏదో మోగుతోందని అనుమానమొస్తే ముందు గిన్నెలన్నీ కిందికి దించేస్తాను. చెంచాల గలగల సద్దుమణిగాకే వెనక మూత ఎత్తడం. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి తాకించి, పిడి చెవికి ఆనించుకుంటే చప్పుడు ఏ మూలదో చాలావరకు తెలిసిపోతుంది. తిరిగే బెల్టుకి చొక్కా చేతులు తగలకుండా మాత్రం చూసుకోవాలి.

కొత్త చప్పుడొస్తే అందరం ఉలిక్కిపడతాం. ఈ బండి విషయంలో నా భయం వేరు. ఉన్న చప్పుడు పోతేనే నాకు నిద్రపట్టదు.

గాలితో చల్లబడే ఆ 1600 సీసీ ఇంజన్లో ట్యాపెట్లు సన్నగా టకటకమంటూనే ఉండాలి. ఇంజను పూర్తిగా చల్లారాక రాకర్ ఆర్మ్‌కీ వాల్వు కాడకీ మధ్య 0.15 మిల్లీమీటర్ల సందు పెడతారు. ఆ సందు చప్పుడే అది. వినలేక దాన్ని బిగించేసేవాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఎవరూ బిగించకపోయినా ఎగ్జాస్ట్ వాల్వు వేడికి సాగుతుంది, అరుగుతూ తన సీటులోకి దిగుతుంది. సందు పూడిపోయి టకటక ఆగుతుంది. బండి మెత్తబడిందని యజమాని మురిసిపోతాడు. లోపల ఆ వాల్వు పూర్తిగా మూసుకోవడం మానేసి ఉంటుంది. సీటుకి గట్టిగా ఆనినప్పుడే వాల్వు తన వేడిని హెడ్‌లోకి దించుకోగలదు. ఆనకపోతే అంచు కాలుతుంది, ఒక్కోసారి తల విరిగి పిస్టన్ మీద పడుతుంది.

ఈ గండం మూడో సిలిండరుకి ఎక్కువ. పాత మోడళ్లలో ఆయిల్ కూలరు సరిగ్గా దానికెళ్లే గాలికి అడ్డంగా ఉండేది. జర్మనీలో 1971 మోడల్ నుంచి దాన్ని పక్కకి జరిపారు. అయినా 5,000 కిలోమీటర్లకోసారి ఫీలర్ గేజ్ పెట్టి చూసుకోవడమే క్షేమం. పదేపదే ఒకే వాల్వు దగ్గర సందు పూడుతుంటే, ఇక సర్దడం మాని హెడ్ విప్పించాలి.

ట్యాపెట్లని పోలిన చప్పుడు మరొకటుంది. చల్లగా ఉన్నప్పుడు టిక్కుటిక్కుమని, వేడెక్కాక తగ్గితే అది చాలాసార్లు ఎగ్జాస్ట్ గ్యాస్కెట్ లీకే. లోహం వ్యాకోచించి కంత మూసుకుంటుందన్నమాట. ఇంజనుకి వెంటనే ముప్పు లేకపోవచ్చు. కానీ ఈ వ్యాన్లో హీటరు గాలి ఎగ్జాస్ట్ గొట్టాల చుట్టూ తిరిగే లోపలికొస్తుంది. పొగ పిల్లల దాకా రావచ్చు, వాయిదా వెయ్యకూడదు.

లోతుగా ధనధనమని కొడుతుంటే ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి చూడాలి. ఏది తీస్తే దెబ్బ తగ్గుతుందో ఆ సిలిండరు కనెక్టింగ్ రాడ్ బేరింగు మీద అనుమానం. ఆ బండిని కట్టి లాక్కెళ్లాల్సిందే, నడపకూడదు.

దారిలో ఉన్నట్టుండి వెనక హోరు తగ్గి, డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగితే ముందు బెల్టే తెగిందనుకోవాలి. డైనమోనీ, ఇంజన్ని చల్లార్చే ఫ్యానునీ తిప్పేది ఆ ఒక్క బెల్టే. రేడియేటరు లేదు, నీళ్లు లేవు. ఊరు కనుచూపు మేరలో ఉన్నా సరే, అక్కడికక్కడే ఆపెయ్యాలి. స్పేర్ బెల్టూ, పుల్లీ నట్టుకి సరిపడే 21 ఎంఎం స్పానరూ బండిలో ఉంటే రోడ్డు పక్కనే మార్చుకుని వెళ్లిపోవచ్చు.