తార్నాకలో దిగిన ఊళ్ళు

తార్నాక అన్న పేరులో రెండు మాటలున్నాయి. తార్ అంటే తీగె. నాకా అంటే వచ్చేపోయేవారిని ఆపి చూసే కాపలా చోటు. ఒకప్పుడు ఇక్కడ తీగెల కంచె, దానికొక నాకా ఉండేవనీ, ఆ పేరే స్థిరపడిందనీ పెద్దలు చెబుతారు. ఇప్పుడు కంచె లేదు, కాపలావాడూ లేడు. 2017 నవంబరు నుంచి నెత్తిమీద మెట్రో రైలు కూడా నడుస్తున్నది. అయినా నాకా పూర్తిగా ఎత్తివేశారని అనడానికి నాకు ధైర్యం చాలదు. భుజాన సంచీ, చేత పెట్టె పట్టుకుని పల్లెనుంచి వచ్చి ఇక్కడ దిగిన కుర్రవాడు అద్దెగది కోసం నోరు విప్పగానే, "మీదే ఊరు బాబూ?" అని ఎవరో ఒకరు అడుగుతారు. పెట్టెలో ఏమున్నదో ఎవరికీ అక్కరలేదు. తనిఖీ అంతా మాట తీరుమీదనే.

ఆ కుర్రవాని వెంటే మనమూ యూనివర్సిటీలోకి పోదాం. తార్నాక కూడలి దాటి లోపలి రోడ్డు పట్టుకుంటే బస్సుల రొద వెనకబడుతుంది. సాయంత్రం పూటయితే నడకకు వచ్చిన పింఛనుదార్లు, పరీక్షల పుస్తకాలు చంకన పెట్టుకున్న విద్యార్థులు, టీ బండ్ల దగ్గర రాజకీయాలు చర్చించే యువకులు ఎదురవుతారు. కాస్త ముందుకు పోతే ఆర్ట్సు కాలేజీ కనిపిస్తుంది. గులాబిరంగు గ్రానైటు రాతితో కట్టిన ఆ భవనాన్ని 1939లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించాడు. యూనివర్సిటీ మాత్రం అంతకు ముందే, 1918లో పుట్టింది. ఇంగ్లీషులో కాక దేశభాషలో పైచదువులు చెప్పాలన్న పట్టుదలతో పుట్టిందది. ఆ దేశభాష ఉర్దూ. తెలుగు పల్లెలనుంచి వచ్చిన పిల్లలకు అదీ నేర్చుకోవలసిన భాషే. తరువాత ఇంగ్లీషు వచ్చింది. అదీ నేర్చుకోవలసినదే. ఈ ఆవరణను ఆనుకునే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉన్నది. 1958లో ఇంగ్లీషు బోధనకు కేంద్రసంస్థగా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమయింది. ఇలా ఈ నేలమీద ఎవరు అడుగుపెట్టినా, ముందుగా సవరించుకోవలసి వచ్చింది నాలుకనే.

పైచదువుల సంగతి చెబుతానని మిమ్మల్ని ఇంతదూరం నడిపించలేదు. నేను చెప్పదలచింది టెలివిజన్ సంగతి.

రాత్రి భోజనాల తరువాత

హాస్టళ్ళలో రాత్రి భోజనాలయ్యాక కాస్తసేపు అందరికీ విరామం. ఇద్దరికిచ్చిన గదిలో నలుగురు సర్దుకుని, ఒక ఫోను చుట్టూ నాలుగు తలలు చేర్చి 'బిగ్ బాస్' చూస్తారు. అదే సమయానికి తార్నాక అపార్టుమెంట్లలో అమ్మలు, అమ్మమ్మలు, ఆఫీసునుంచి అలసి వచ్చిన నాన్నలు ఆ ఆటనే చూస్తూ ఉంటారు. చదువుకున్నవారు పైకి ఒప్పుకోరు గాని, మర్నాడు స్టాఫ్ రూములో మాట వస్తే అందరికీ అన్నీ తెలిసే ఉంటాయి.

చూడనివారికోసం రెండు ముక్కలు చెబుతాను. 1999లో నెదర్లాండ్సులో ఈ ఆట పుట్టింది. 2006లో హిందీలోకి, 2017లో తెలుగులోకి వచ్చింది. పదిహేనుమందికి అటూ ఇటూగా మనుషులను కెమెరాలు బిగించిన ఒక ఇంట్లో పెడతారు. ఫోను లేదు, పత్రిక లేదు, బయటి కబురు లేదు. ఫలానావారిని పంపివేయండని వారం వారం ఒకరిమీద ఒకరు కారణాలు చెప్పాలి. ప్రేక్షకులు ఓట్లు వేస్తారు. వందరోజులకు పైగా నిలిచి, ఓట్లలో మిగిలినవారు గెలుస్తారు.

ఈ ఆటలోకి పల్లెటూరి మనిషి ఎవరు వచ్చినా మన ఇళ్ళలో ఒక మాట తప్పకుండా వినబడుతుంది: "ఎంత సహజంగా ఉన్నదో చూడండి!" ఆ సహజం అన్న మాట దగ్గరే నాకు పేచీ. మామిడిచెట్టుకు కాయ సహజం. మనిషికి నడవడి ఒకరు నేర్పితే వచ్చేదే. మరి అక్కడ నేర్పినవారెవరు?

లంబాడిపల్లి గంగవ్వ

జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో లంబాడిపల్లి అనే ఊరున్నది. గంగవ్వ ఆ ఊరి మనిషి. బడికి పోలేదు. కూలిపనికి పోయింది, బీడీలు చుట్టింది, కష్టపడి పిల్లలను పెంచింది. ఊరి యువకులు 2012లో మొదలుపెట్టిన 'మై విలేజ్ షో' వీడియోలలో నటించి, పెద్దవయసులో ఊరూరా తెలిసిన మనిషి అయింది. 2020 సెప్టెంబరులో 'బిగ్ బాస్' నాలుగవ విడతలో ఆ ఇంట్లో అడుగుపెట్టింది. ఆరోగ్యం సహకరించక ఐదవ వారంలోనే బయటికి వచ్చేసింది. అంతకుముందే తనకొక సొంత ఇల్లు కావాలన్న కోరిక దాచుకోకుండా చెప్పింది. తరువాత ఆ ఇల్లు కట్టుకున్నది కూడా.

ఆ కొద్దివారాలలో జనం గమనించింది ఏమిటి? సినిమావాళ్ళు, టీవీవాళ్ళు, ఆమె పిల్లల ఈడువాళ్ళు, అందరినీ ఆమె వరసపెట్టి పిలిచింది. కోపం వస్తే మొహంమీదే అన్నది. కెమెరాలకు బెదరలేదు. చిన్న ఊళ్ళో పుట్టినవారు దీనికి ఆశ్చర్యపడనక్కరలేదు. కెమెరా అంటే ఏమిటి? చూసే కన్ను. ఊళ్ళో ఆ కన్ను ఎప్పుడు లేదు గనక? బావిదగ్గర, నాట్లదగ్గర, బీడీలు చుట్టే అరుగుమీద, పెళ్ళిపందిట్లో, చావింట్లో, పుట్టినది మొదలు నలుగురి కళ్ళముందే బతుకు. ఎవరింట ఏ కూర వండారో మూడో ఇంటికి తెలుస్తుంది. మన తార్నాకలో ఎదుటి ఫ్లాటువారి ఇంటిపేరు తెలియకుండా పదేళ్ళు కాపురం చేయవచ్చు. తలుపు వేసుకుని బతకడానికి అలవాటుపడ్డవారికి కెమెరా ముందు కొత్తగా ఒక మొహం తయారుచేసుకోవలసి వస్తుంది. గంగవ్వకు ఆ శ్రమ లేదు. ఆమెకున్న ఒక్క మొహాన్నే ఊరు ఏనాటినుంచో చూస్తున్నది.

ఊరి కన్నుకూ ఆ ఇంటి కన్నుకూ ఒక భేదమున్నది. ఊళ్ళో ఈ పూట తిట్టుకున్నా, రేపు నాటు వేయడానికి ఆ మనిషే కావాలి. ఎల్లుండి ఇంట్లో జ్వరమొస్తే ఆ గడపే తొక్కాలి. అంచేత తిట్టులోనూ తెగిపోని ముడి ఒకటి ఉంచుకుంటారు. ఆటలో ముడి తెంపడమే నియమం.

ఏడిస్తే తప్పా?

2019లో మూడవ విడతలో శివజ్యోతి పాల్గొన్నది. వీ6 చానెల్‌లో 'తీన్మార్' వార్తల సావిత్రిగా ఆమెను ఎరగని తెలంగాణ ఇల్లు లేదు. రచ్చబండ కబుర్ల ధోరణిలో, తెలంగాణ యాసలో వార్తలు చెబితే జనం పనులు మానుకుని విన్నారు. అంతకు ముందు మన సినిమాల్లో ఆ యాస ఎక్కువగా దొంగలకూ, రౌడీలకూ, నవ్వించేవారికీ మాత్రమే దక్కేది. ఆ అవమానం మీద ఈ యూనివర్సిటీ చెట్లకింద ఎన్ని సభలు జరిగాయో! 1969లోనూ, 2009 తరువాతనూ ఇక్కడి విద్యార్థులు చేసిన ఉద్యమాలలో ఉద్యోగాలు, నీళ్ళు ఎంత ఉన్నాయో, మా మాటను చూసి నవ్వకండి అన్న రోషమూ అంత ఉన్నది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. యాసకు గౌరవమూ వచ్చింది.

ఆటలో శివజ్యోతి మాటిమాటికీ కంటతడి పెట్టుకున్నదని చాలామంది నవ్వారు. ఆ నవ్వు నాకు రుచించలేదు. ఊళ్ళలో ఆడవాళ్ళు మౌనంగా ఏడవరు. బిడ్డను అత్తవారింటికి సాగనంపేటప్పుడు మాటలు కట్టి, నలుగురూ వినేటట్టు ఏడుస్తారు. విన్నవారు వచ్చి పక్కన కూర్చుంటారు. ఏడుపు అంటే అక్కడ పిలుపు. పట్నంలో అది బలహీనత కింద జమ. ఆ ఏడుస్తున్న మనిషే ఆటలో చివరి వారాలదాకా నిలిచిందన్న సంగతి నవ్వినవారు మరచిపోయారు.

రైతుబిడ్డ

సిద్దిపేట జిల్లా కొల్గూరునుంచి వచ్చిన పల్లవి ప్రశాంత్ 2023లో ఏడవ విడతలో గెలిచాడు. ఆయన తనను తాను రైతుబిడ్డనని చెప్పుకున్నాడు. ఆ మాట మాటిమాటికీ చెప్పి సానుభూతి సంపాదిస్తున్నాడని ఇంట్లోని తోటివారే నిలదీశారు. మామూలు రోజుల్లో చేతులు కట్టుకుని ఉండేవాడు, ఎదిరించవలసిన రోజున గొంతు పెంచి మరో మనిషైపోతాడని కూడా అన్నారు. ఊరి గుణమా, వేషమా అన్న తగవు ఆ రోజుల్లో మా హాస్టళ్ళలో పరీక్షల తగవులకంటె గట్టిగా నడిచింది.

నాకు రెండూ ఒక మనిషివే అనిపించింది. చిన్న ఊళ్ళో పెద్దల ముందు తల వంచుకోవడమూ నేర్పుతారు, గట్టు తగాదా వస్తే జానెడు నేల వదలకపోవడమూ నేర్పుతారు. ఆ ఇంట్లో ప్రశాంత్ నటుడు శివాజీని అన్నగా పెట్టుకున్నాడు. ఎక్కడికి పోయినా ఒక పెద్దదిక్కును వెతుక్కోవడం ఊరివాని అలవాటు. జగిత్యాల పిల్లవాడు హాస్టలుకు రాగానే జగిత్యాల సీనియరును వెతుక్కుంటాడే, అదే ఇది. గెలిచిన 35 లక్షలూ రైతులకే అని వేదికమీద ప్రకటించడంలోనూ ఊరే కనబడుతుంది. పదిమందిలో అన్నమాట పదిమందీ గుర్తుపెట్టుకుంటారని తెలిసే అక్కడ ఎవరైనా మాట ఇస్తారు.

యాస ఒక్కటే అడిగితే

ఇప్పుడు మా విద్యార్థిని ఒకామె సంగతి చెప్పాలి. కరీంనగరం వైపు చిన్న పట్నంనుంచి వచ్చి ఎమ్.ఏ. తెలుగు చదివింది. పాట, మాట రెండూ చక్కగా ఉన్నవి. ఒక టీవీ కార్యక్రమానికి మనుషులను ఎంచుతున్నారని తెలిసి వెళ్ళింది. పదిహేనేళ్ళ కిందటైతే "ఆ యాస మానుకో అమ్మా" అని ఉండేవారు. ఈమెను ఇంకోటి అడిగారు. "యాస ఇంకా గట్టిగా దంచాలి. ఊరినుంచి ఇప్పుడే వచ్చినట్టుండాలి" అన్నారట.

మర్నాడు ఆర్ట్సు కాలేజీ మెట్లమీద ఆ మాట చెప్పి నవ్వింది. నవ్వులో కాస్త మంటకూడా ఉన్నది.

"మా ఊర్ల గూడ ఎవరు గట్ల మాట్లాడరు మేడం. నేను గట్ల మాట్లాడితే మా అమ్మనే నవ్వుతది" అన్నది.

తన మాటనే తాను మాట్లాడి వచ్చింది. ఎంపిక కాలేదు. ఇప్పుడు యూనివర్సిటీ లైబ్రరీలో డి.ఎస్.సి.కి చదువుకుంటున్నది.

ఆ పిల్ల మాట నా మనసులో చాలా రోజులు మెదిలింది. వెనక యాసను చిన్నబుచ్చారు, ఇప్పుడు అంగట్లో పెట్టారు. రెండింటిలోనూ ఆ యాస మాట్లాడే మనిషి సంగతి ఎవరూ అడగలేదు. ఇదే యూనివర్సిటీలో 1950లలో బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయ సాహిత్యంమీద పరిశోధన చేశారు. వరంగల్లు జిల్లా పల్లెలో పుట్టిన ఆయన, నాట్లలో, తిరగలి దగ్గర పాడుకునే పాటలను డాక్టరేటు పట్టా ఇవ్వదగిన విద్యగా నిలబెట్టారు. హనుమాజీపేటలో పుట్టి, ఉర్దూ మాధ్యమంలో చదివిన సి. నారాయణరెడ్డిగారు ఇక్కడే విద్యార్థి, ఇక్కడే ఆచార్యులు. చిన్నతనంలో విన్న హరికథలు, జానపదుల పాటలు తన కవిత్వానికి విత్తనాలని చెప్పుకోవడానికి ఆయన వెనుకాడలేదు. 1988 జ్ఞానపీఠమూ ఆయనను వరించింది. వారు ఊరును వేషంగా తొడుక్కోలేదు, విడిచి పారేయనూ లేదు. ఊళ్ళో నేర్చినదానిని తీసుకుని పనిచేశారు.

కాబట్టి ఇకమీదట టెలివిజన్‌లో ఊరి మనిషి కనబడితే "భలే యాస" అని నవ్వి ఊరుకోకండి. నిన్న పోట్లాడినవారిని ఇవ్వాళ పలకరించిందా, ముందుగా ఎవరికి వడ్డించింది, ఓడినవాని పక్కన ఎవరు కూర్చున్నారు, ఇవి చూడండి. ఊరు నేర్పినది అక్కడ తెలుస్తుంది. యాస ఎవరైనా నాలుగు రోజుల్లో పట్టవచ్చు. ఇవి పట్టాలంటే చిన్నప్పటినుంచీ నలుగురి మధ్య పెరగాలి.

టెలివిజన్ లేకపోయినా ఫరవాలేదు. జూన్, జూలై నెలల్లో తార్నాక కూడలిలో పది నిమిషాలు నిలబడితే చాలు. కొత్తగా చేరడానికి వచ్చిన పిల్లలు పచ్చడి జాడీలు, చాపలు, బకెట్లు పట్టుకుని బస్సులు దిగుతూ ఉంటారు. ఒకడు తన పెట్టె దింపుకుని, వెనకనున్న ముసలామె మూటకూడా దింపి, "ఎటు పోవాలె అవ్వా?" అని అడుగుతాడు. ఆ పిల్లవాణ్ణి మీరు ఏ ఊరని అడగవచ్చు, తప్పులేదు. అడిగిన గొంతులో నాకా మాత్రం వినబడకూడదు.